గోదావరి మీద ఆరు రోజులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నేను 1976లో పదో తరగతి పూర్తిచేసినవాణ్ణి. మన సంఘం కార్యదర్శిగారు “స్టీల్ ప్లాంటు అనుభవాలు చెప్పండి” అన్నారు. వాటి బదులు ఒక పడవ ప్రయాణం గురించి చెబుతాను. చివరికి అది ప్లాంటు దగ్గరికే వస్తుంది, ఓపిక పట్టండి.

మా సోషల్ మాస్టారు మ్యాపు గోడకు తగిలించి, బెత్తంతో గోదావరి వెంట గీత గీసినట్టు చూపించేవారు. “ఒరేయ్, రైలు రాకముందు ఇదేరా రోడ్డు” అనేవారు. ఆ మాట పరీక్షలో రాలేదు కాబట్టి మేమూ మరిచిపోయాం.

2008లో మా బ్యాచ్ మిత్రుడొకడు కెనడా నుంచి వచ్చాడు. అక్కడ సెలవుల్లో సన్నని పడవ వేసుకొని పది పదిహేను రోజులు నదుల్లో తిరిగి వస్తాడట. పూర్వం తోళ్ళ వ్యాపారులు భూర్జ చెట్టు బెరడుతో చేసిన పడవల్లో మాంట్రియల్ నుంచి పడమటి అడవుల దాకా తెడ్డు వేసుకుంటూ పోయేవారు. రాళ్ళ జలపాతం అడ్డొస్తే సరుకు దించి, పడవనే భుజాన ఎత్తుకొని నడిచేవారు. ఇప్పుడు ఆ దారుల్ని అక్కడివాళ్ళు వారసత్వంగా చూసుకుంటారు. ఫ్రెంచ్ రివర్ అనే నదికి 1986లోనే ఆ గుర్తింపు ఇచ్చారు. వాడు ఇదంతా చెప్పి, “మనకి అలాంటి దారి లేదా?” అన్నాడు. అప్పుడు నాకు మాస్టారి బెత్తం గుర్తొచ్చింది.

2009 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, నలుగురం భద్రాచలం వెళ్ళాం. అక్కడ నుంచి రాజమండ్రికి నీటి దారిన దాదాపు 170 కిలోమీటర్లు. ఒక నాటు పడవ, రెండు తెడ్లు, ఒక గెడ, నలుగురికీ లైఫ్ జాకెట్లు. పడవ నడిపిన పెద్దాయనకు అప్పటికే అరవై దాటాయి. మేం ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం, ఆయన మమ్మల్ని బాబుగారూ అనేవాడు.

ఆ దారి చిన్నదేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన కాటన్ దొర, గోదావరిని ఎగువన మధ్య పరగణాల దాకా పడవల దారి చెయ్యాలనుకున్నారు. అక్కడి పత్తి కోస్తాకు నీళ్ళ మీద దిగాలన్నది ఆలోచన. దారిలో మూడు చోట్ల రాళ్ళు అడ్డం. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. రైళ్ళు వచ్చేశాయి, ఖర్చు పెరిగింది. 1871లో పని ఆపేశారు. బయల్దేరే ముందు మేం ఆ లాకుల దగ్గరికి వెళ్ళి చూశాం. రాయి గట్టిగానే ఉంది, పడవలే లేవు.

మొదటి రెండు రోజులు చేతులు బొబ్బలెక్కాయి. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. అక్కడ నుంచి కొండలు దగ్గరపడతాయి. పగలు తెడ్డు వెయ్యడం, సాయంత్రం ఇసుక తిన్నె మీద వంట. ఒక పూట గట్టు మీది కొండరెడ్ల ఊళ్ళో గుమ్మడికాయ ఇచ్చి డబ్బులు వద్దన్నారు. పేరంటాలపల్లి ఆశ్రమంలో ఒక రాత్రి పడుకున్నాం. వెదురు తెప్పలు కట్టి రాజమండ్రికి వదిలిన రోజుల గురించి బాబాయ్ చెబుతుంటే నిద్ర వచ్చేది కాదు.

నాలుగో రోజు పాపికొండల మధ్యకు వచ్చాం. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకొనే నది అక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కొని పోతుంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మేం ఉషారుగా నది మధ్యకు తెడ్డు వేశాం. బాబాయ్ మొదటిసారి కేకలేశాడు. “ఇక్కడ పైకి నున్నగానే కనబడుద్దండి. అడుగున మెలిక తిరుగుద్ది. ఈ గట్టు పట్టుకొనే పోవాలి.” ఏ వంపులో ఏ గట్టు పట్టాలో, ఏ నెలలో సుడి ఎక్కడికి జరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ప్రతి బండకూ, ప్రతి మడుగుకూ పేరుంది. ఆ పేర్లేవీ మాస్టారి మ్యాపులో లేవు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరదలో పర్యాటకుల బోటు మునిగింది. అందులో మన విశాఖవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు టీవీ ముందు కూర్చొని నేను ఆ కేకనే తలుచుకున్నాను. 38వ రోజున ఆ బోటును బయటికి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, తాళ్ళతో లాగారు. నీటి దగ్గర బతికినవాళ్ళ చదువు ఎంత విలువైనదో అప్పుడు చాలామందికి తెలిసింది.

ఇక ప్లాంటు దగ్గరికి వస్తాను. ఐదో రాత్రి దేవీపట్నం దాటి ఆగాం. పోలవరం కడితే తమ ఊరు పోతుందని బాబాయ్ చెప్పాడు. నేను ఊరుకోలేక, “మా ఊరు కూడా పోయింది బాబాయ్, ఉక్కు ఫ్యాక్టరీకి” అన్నాను. మీలో చాలామందికి తెలుసు, నేను ఆర్-కార్డు ఉద్యోగిని. 1971లో ఇందిరమ్మ శంకుస్థాపన చేసిన ఆ ప్లాంటు కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అందులో మాదొకటి. ఉద్యోగం వచ్చింది, క్వార్టరు వచ్చింది, పిల్లలు చదువుకున్నారు. నేను బాగుపడ్డాను, అబద్ధం చెప్పను.

బాబాయ్ అంతా విని ఒకటే అడిగాడు. “మీ ఊరి చెరువు పేరేంటో మీ పిల్లలకి తెలుసా బాబుగారూ?”

తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

ఆరో రోజు పట్టిసీమ గుడి మీదుగా రాజమండ్రి చేరాం. నలుగురం ఫొటోలు దిగాం. నాకు మాత్రం ఆ ప్రశ్నే తిరుగుతోంది.

నేను పనిచేసిన బ్లాస్ట్ ఫర్నేసు పేరు గోదావరి. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. ప్లాంటుకు నీళ్ళు ఏలేరు నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువలో కణితి రిజర్వాయరుకు వస్తాయి. రేపు పోలవరం ఎడమ కాలువ వచ్చేది కూడా విశాఖ వైపే. మన తాగునీటికి, పరిశ్రమలకు 23.44 టీఎంసీలు కేటాయించారు. నీళ్ళు మనకి కావాలి. ఆ మాట దాచను. కానీ ఆ నీళ్ళు నిలబడేచోట 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ఉన్నాయి.

మూడేళ్ళ కిందట బాబాయ్‌ని వెతుక్కుంటూ పునరావాస కాలనీకి వెళ్ళాను. ఇల్లు బాగుంది. వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తెడ్డు గోడకు ఆనించి ఉంది. “నీళ్ళు కొళాయిలో వస్తాయండి, లోటు లేదు. ఎటైనా పోదామంటేనే...” అని ఆగిపోయాడు. మేం వెళ్ళిన దారికి ఇప్పుడు పోలవరం దగ్గర డ్యామ్ అడ్డం. మేం వచ్చినట్టు తెడ్డు వేసుకుంటూ నేరుగా రాజమండ్రి చేరడం ఇక కుదరదు. ఆయన మనవడికి ఈత రాదట.

ఆ రోజు ఒక నోటు పుస్తకం తీసి, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా బండల పేర్లు, మడుగుల పేర్లు, ఏ గట్టు పట్టాలో వరుసగా చెప్పమన్నాను. రెండు రోజులు చెప్పాడు. నలభై పేజీలయింది. ఇంటికొచ్చి మరో పుస్తకంలో మా ఊరి చెరువు పేరు, గుడి పేరు, మా తాటితోపు హద్దులు రాసి మా అమ్మాయికి ఇచ్చాను. మా ఊరి గుర్తులు రాయడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. బాబాయ్ రెండు రోజుల్లో చెప్పేశాడు.

ఆ రెండు పుస్తకాల జిరాక్సులు ఈ రోజు మన స్కూలు లైబ్రరీకి ఇస్తున్నాను. నాదొక విన్నపం. మన బ్యాచ్‌లలో గాజువాక వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఊరు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం రాసి పక్కన పెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లలు గోదావరి పాఠం చదివే రోజున మ్యాపుతోపాటు అవి కూడా బల్ల మీద ఉండాలి.

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఆలస్యంగా తెచ్చాను. మన్నించండి.

సెలవు.