పక్క మంచం మీది పిల్లగాడు ఆ జాబితా రాయలేదు

(ఉట్నూరు ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలకు రాత రూపం)

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నన్ను రాజ్యాంగం గురించి మాట్లాడమన్నారు. ప్రతి నవంబర్ 26న ఏం జరుగుతదో మీకు తెలిసిందే. పీఠిక చదివిస్తారు, ఫొటో దిగుతారు, సమోసాలు పంచుతారు. సమోసాకు నేను వ్యతిరేకం కాదు. కానీ ఆ సాయంత్రం హాస్టల్‌కు పోయినంక ఐదో షెడ్యూల్‌లో ఏముందని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? అందుకని ఇయ్యాల పీఠిక జోలికి పోను. ముందు నా తప్పు ఒకటి చెప్తాను.

2020 ఏప్రిల్ 22. లాక్‌డౌన్ రోజులు. జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు కొట్టేసిందని వార్త వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 సంవత్సరంలో ఇచ్చిన జీవో అది. ఆ జీవో వల్లనే మన గూడేల్లో మన భాష తెలిసిన పంతుళ్లు వచ్చారు. నాకు కడుపు మండింది. ఎవరో పంపిన మెసేజ్ ఉన్నది ఉన్నట్టు పది గ్రూపులకు ఫార్వర్డ్ చేసిన. అందులో ఏముందంటే, ఆ జీవో కింద ఉద్యోగం వచ్చిన మనోళ్లందరినీ ఇంటికి పంపుతారని. అంతటితో ఆగలేదు. నాతో చదువుకున్న ఒక గిరిజనేతర మిత్రుడు అదే గ్రూపులో "తీర్పు మొత్తం చదివినవా?" అని అడిగితే, అనరాని మాట అన్న.

నేను చదవలేదు. నాలుగు రోజుల తర్వాత చదివిన. అప్పటికే ఇచ్చిన నియామకాలను కోర్టు షరతులతో కాపాడింది, ఎవరినీ తీసేయమనలేదు. కానీ ఆ నాలుగు రోజులు మా చిన్నమ్మ అన్నం సరిగా తినలేదు. ఆమె కొడుకు ఆ జీవోతో వచ్చిన టీచరే. ఆ మెసేజ్ ఆమె దాకా పోయింది నా ఫోన్ నుంచే.

తీర్పు మంచిదని నేను అనడం లేదు. ఐదుగురు జడ్జీల బెంచ్ మన బడుల పరిస్థితిని అర్థం చేసుకోలేదన్నది నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. కానీ చదివినంకనే తెలిసింది దెబ్బ ఎక్కడ తగిలిందో. ఐదో షెడ్యూల్ ఐదో పేరా కింద ఉన్న చట్టాన్ని మార్చి వర్తింపజేసే అధికారం గవర్నర్‌కు ఉంది, కానీ దానితో ప్రాథమిక హక్కులను దాటిపోలేరు, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదు అని కోర్టు అన్నది. అంటే పాత జీవోనే మళ్లీ తెమ్మని ధర్నా చేస్తే, మళ్లీ అదే గోడకు తల కొట్టుకుంటం. మరేం అడగాలి, ఎవరిని అడగాలి, ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్‌లో కూర్చున్న మన ఎమ్మెల్యేలు ఏం చేస్తున్నారు? ఈ ప్రశ్నలు చదివితేనే పుడతాయి, అరిస్తే పుట్టవు.

ఒక్క మాటను చదివి గెలిచిన చరిత్ర మనకుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు ఇచ్చింది. భూబదలాయింపు చట్టం, మనం 1/70 అంటున్నదే, గిరిజనేతర "వ్యక్తి"కి భూమి పోకూడదంటుంది. మరి ప్రభుత్వం వ్యక్తి కిందికి వస్తుందా, రాదా? సమత సంస్థ ఆ ప్రశ్నతో సుప్రీంకోర్టు దాకా పోయింది. వస్తుందని 1997లో తీర్పు. ఒక్క పదం మీద ఆగింది ఆ గనులు.

ఇక అసలు విషయం. మీరు నన్ను పిలిచింది ఇందుకేనని నాకు తెలుసు, పోస్టర్ మీద మాత్రం రాయలేదు. మీ హాస్టల్ మెస్‌లో మూడు వారాలుగా ఆదివాసీ పిల్లలు ఒక వరుస, లంబాడా పిల్లలు ఒక వరుస. ఒకరి స్టేటస్‌కు ఇంకొకరి స్టేటస్ జవాబు. మొన్న పళ్లెం విసిరేసుకునే దాకా వచ్చిందట.

తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో. దాని మీద గోండు, కోలాం, ప్రధాన్, నాయకపోడు ఇండ్లల్లో ఉన్న బాధ నాకు కొత్త కాదు. ఉద్యోగాలు, సీట్లు ఎవరికి ఎన్ని పోతున్నాయని లెక్క అడిగే హక్కు మీకుంది. ఆ డిమాండ్‌ను వదులుకోమని నేను చెప్పను, చెప్తే నన్ను ఇక్కడి నుంచి పంపించండి. కానీ రాజ్యాంగం 342వ అధికరణ చూడండి. ఒకసారి నోటిఫై అయిన జాబితాలో ఎవరినైనా చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటే చట్టం చేయాలి. కలెక్టర్ చేయలేడు, ఐటీడీఏ పీఓ చేయలేడు, ముఖ్యమంత్రి కూడా చేయలేడు. పక్క మంచం మీద పడుకునే పిల్లగాడు ఆ జాబితా రాయలేదు. అప్పటికి వాడు పుట్టనే లేదు. వాడి తండా నుంచి డిగ్రీ దాకా వచ్చింది వాడొక్కడే కావచ్చు. వాడిని తిడితే పార్లమెంటుకు వినబడదు, మీ గది మాత్రం ఖరాబైతది.

లంబాడా తమ్ముళ్లు కూడా కొందరు వచ్చినట్టున్నరు, వెనక వరుసలో. రావడం మంచిదైంది. మీకూ ఒక మాట. అవతలివాళ్లు లెక్క అడిగితే అది మీ మీద ద్వేషమని ముందే అనుకోకండి. కోలాంల ఇండ్లల్లో ఎంతమంది డిగ్రీ దాకా వచ్చారో మీరే ఒకసారి మీ క్లాసులో లెక్కపెట్టి చూడండి.

మనకు మాట్లాడుకోవడం ఎవరూ నేర్పనక్కర లేదంటారు కొందరు. నిజమే. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడాడు. మా ఊళ్లో పంచాయితీ రాత్రంతా నడిచేది. పట్లా చివర మాట్లాడేవాడు, మొదట కాదు. అందరూ ఒప్పుకునేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు. అయితే ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు? వెనక, చీకట్లో. ఇది దాచి పెట్టి మన సంప్రదాయం గొప్పదని ఉపన్యాసం ఇస్తే అది సగం నిజమే. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభ కోరంలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మీ ఊళ్లో ఉంటున్నరా?

ఇది అడిగిన ఒక చెల్లె సంగతి చెప్తా. ఊరి పేరు చెప్పను. దసరా సెలవులకు ఇంటికి పోయి గ్రామసభ రిజిస్టర్ చూపించమన్నది. చూపించలేదు. ఆమె గొడవ పడలేదు, ఎవరినీ తిట్టలేదు, వీడియో పెట్టలేదు. తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాసిచ్చింది. ముప్పై రోజుల్లో రావాల్సిన జవాబు రెండు నెలలకు వచ్చింది. ఆ నకలులో హాజరైనవాళ్ల వేలిముద్రల మధ్య వాళ్ల నానమ్మ పేరు ఉంది. నానమ్మ చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ కాగితం పట్టుకొని ఊరంతా కూర్చోబెట్టింది. అప్పుడు ఆమె పక్కన కూర్చొని దరఖాస్తులు రాసిపెట్టింది ఎవరనుకున్నరు? పక్క తండా నుంచి వచ్చిన ఆమె క్లాస్‌మేట్.

నాకు మీ నుంచి ఒకటే కావాలి. శనివారం సాయంత్రం మెస్ హాల్లో ఒక గంట. ఫోన్లు బయట పెట్టండి. ఒక కాగితం చదవాలి, దాని మీదనే మాట్లాడాలి. ఎదుటివాడు అన్నది మీ నోటితో తిరిగి చెప్పాలి. వాడు "అవును, నేనన్నది అదే" అన్నంకనే మీ జవాబు. మొదటి రెండు వారాలు నవ్వుకుంటరు, పర్లేదు. నేను ఇది మొదలుపెట్టినప్పుడు ఆరో వారానికి పదకొండు మందే మిగిలారు. అదీ పర్లేదు. వార్డెన్ సార్ హాలు తాళం ఇస్తానన్నారు.

నా సంచిలో ఐదో షెడ్యూల్ జిరాక్స్‌లు నలభై ఉన్నాయి. నాలుగైదు పేజీలే. ఇద్దరికొకటి తీసుకోండి, ఆ వరుస నుంచి ఒకరు, ఈ వరుస నుంచి ఒకరు. మొదటి పేరా ఎవరు చదువుతారు?