పాతకారునకు క్రొత్త టైర్లు



ముప్పదియైదేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను. సంధులు, సమాసములు విప్పి చెప్పుటలో నా జీవితము గడచినది. అట్టి నేను నాలుగంకెలు చదువకపోవుటచేత నా చెల్లెలికి చేయి విఱిగినది. ఆ సంగతియు, దానివలన నేను నేర్చిన పాఠమును నేడు మీకు విన్నవించెదను.

ఆత్మకూరులో నున్న నా మేనల్లుడు పాత బెంజికారు నొకదానిని చవుకగా కొనెను. మెర్సిడిస్ సంస్థవారు 1995లో పుణెలో తయారుచేయ మొదలిడిన పెద్దకారు అది. మునుపటి యజమాని దానిని చాలకాలము కదలింపక కొట్టములో నిలిపియుంచెనట. "మామయ్యా, టైర్లు మార్పించవలెనా?" అని మేనల్లుడు నన్నడిగెను. నేను గాడులలో వ్రేలు పెట్టి చూచితిని. లోతు తగ్గలేదు, నలుపు మాయలేదు. "క్రొత్తవానివలెనే యున్నవి. ఊరక డబ్బు తగులబెట్టకుము" అంటిని.

2023 వైశాఖమాసమున ఉదయగిరిలో పెండ్లికి ఐదుగురము ఆ కారులో బయలుదేరితిమి. మిట్టమధ్యాహ్నము; ఎండ నిప్పులు చెఱుగుచుండెను. ఉదయగిరి కొండ కంటబడిన కొంతసేపటికి వెనుకటైరు ఫెళ్లున పగిలెను. కారు గిఱ్ఱున తిరిగి, రోడ్డు దిగి, పొదలలో నిలిచెను. ప్రాణములు దక్కినవి. నా చెల్లెలి ముంజేయి మాత్రము విఱిగెను.

పిమ్మట ఆ టైరు ప్రక్కభాగమును పరీక్షించితిని. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, కడపటి రెండు సంవత్సరమును తెలుపును. మా టైరుపై 2112 అని యుండెను. అనగా 2012లో ఇరువదియొకటవ వారమున పుట్టినది, అప్పటికి దాదాపు పదునొకండేండ్లది!

చెక్కగరిటెలు చేయు ఉదయగిరి పనివారికి, బీటవారిన కొయ్య పనికిరాదని ఒకరు చెప్పనక్కఱలేదు. రబ్బరు సంగతియు నంతియే. తిరుగకున్నను ఎండకును గాలికిని అది గట్టిపడి పెళుసగును. లోపలి ఉక్కుతీగెల పొరలకును రబ్బరునకును పట్టు సడలును. పై గాడులు చెక్కుచెదరకుండగనే లోపల చీలిక పాకును. గాలి తగ్గియున్నచో ప్రక్కలు మఱింత నలిగి వేడి హెచ్చును. కొందఱు నిర్మాతలు ఆఱేండ్లకే టైరు మార్చుమందురు. పదేండ్లు దాటినదానిని గాడులెంత లోతుగా నున్నను వాడరాదు.

ఇక క్రొత్తవి ఎన్నుకొనుట. ఆ కారునకు తగిన కొలత 195/65 ఆర్ 15. టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు. ప్రక్కయెత్తు అందులో నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్. చక్రపు వ్యాసము 15 అంగుళములు. తర్వాత నుండు 91 అను అంకె, ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదని తెలుపును. హెచ్ అను అక్షరమున్నచో గంటకు 210 కిలోమీటర్ల వేగమునకును, వి ఉన్నచో 240 కిలోమీటర్లకును తగినది. "మన రోడ్లమీద అంత వేగముగా పోము గదా" యని తక్కువ తరగతి టైరు వేయరాదు. బరువైన కారునకు వేడిని తట్టుకొను శక్తియు అందులోనే యున్నది. కారు నిర్మాతలు నిర్ణయించిన కొలతకు, బరువునకు, వేగమునకు తగ్గనిదే కొనవలయును.

వాడి తీసివేసిన టైర్లు చవుకగా వచ్చునని మేనల్లుడు మరల నన్నడిగెను. ఈసారి వలదంటిని. వాని పూర్వచరిత్ర మన మెఱుగము. నాలుగును ఒకే రకమువి, ఏడాదిలోపు తయారైనవి కొనిపించితిని. రెండే కొనగలవారు వానిని వెనుక చక్రములకు వేయింపవలయును; వెనుకపట్టు తప్పినచో కారు మావలెనే గిరగిర తిరుగును. కొట్టములో మూలబడిన అదనపు టైరు తేదీని గూడ చూడవలయును. గాలిని ఉదయము చక్రములు చల్లగా నున్నపుడు కొలిపింపవలయును. అరిగి అరిగి గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో టైరు మార్చి తీరవలయును.

మీ యింట కారు లేకపోవచ్చును. కాని పెండ్లికో తీర్థయాత్రకో అద్దెకారు మాట్లాడుకొనక తప్పదు గదా! ఎక్కుటకు ముందు ఒక్క నిమిషము వంగి ఆ నాలుగంకెలు చదువుడు. పిల్లలడిగినపుడు, చూడకయే బాగున్నవని మాత్రము చెప్పకుడు. నా చెల్లెలు నేటికిని నిండుబిందె నెత్తలేదు. నన్ను ఒక్కమాటయు అనలేదు. అందుచేతనే యీ మాట మీతో చెప్పవలసివచ్చినది.