ఎన్ని దిగాయో అన్నీ ఎక్కాలి

(కార్తీక వనభోజనాల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మాట్లాడతాననుకుని కొందరు ముందు వరుసలో కూర్చున్నట్లున్నారు. క్షమించాలి. ఈ రోజు నేను విన్నవించుకోబోయేది చెత్త గురించి. నవ్వకండి, అందులో మన వాటా కూడా ఉంది.

కిందటి కార్తీకంలో ధవళేశ్వరానికి ఎగువన, గోదావరి గట్టున ఒక ప్రైవేటు తోటలో మనం వనభోజనాలు చేసుకున్నాం. ఏర్పాట్లు చూసింది నేనే. ఉసిరి చెట్టు కింద పూజ, పులిహోర, తంబోలా, అన్నీ బాగా జరిగాయని మీరంతా మెచ్చుకున్నారు. మూడో రోజున, మరచిపోయిన కళ్లజోడు కోసం మళ్లీ అక్కడికి వెళ్లాను. కళ్లజోడు దొరికింది. గట్టు దిగువన నీళ్ల సీసాలు, గ్లాసులు, సాంబారు అంటిన ప్లేట్లు కుప్పగా పడి ఉన్నాయి. కుక్కలు వాటిని లాగుతున్నాయి. ఆ కుప్పలో మన సంఘం పేరున్న బ్యానరు కూడా ఉంది.

కాపలాదారును అడిగితే, "వచ్చే వరదకి గోదారే తీసుకుపోద్దండి" అన్నాడు. అతన్ని తప్పుపట్టే మొహం నాకు లేకపోయింది. అద్దె రసీదులో షామియానాకు, కుర్చీలకు, వంటపాత్రలకు లెక్క ఉంది గానీ చెత్త మాట లేదు. అది చదివి సంతకం పెట్టినవాణ్ణి నేనే.

గోదావరి తీసుకుపోతుంది, నిజమే. ఎక్కడికి? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరకు. అక్కడి నుంచి కొంత సముద్రంలోకి, కొంత డెల్టా కాలువల్లోకి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఆ నీళ్లు పొలాలకే కాదు, గొంతులకూ ఆధారమే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది ఆ నీళ్లతోనే. మా అమ్మాయి అత్తవారి ఊరు కోనసీమలో ఉంది. మా మనవలు అలాంటి చెరువు నీళ్లే తాగుతారు. ఆ రోజు గట్టు మీద నిలబడి ఉంటే వాళ్లే గుర్తుకొచ్చారు.

స్నానఘట్టాల సంగతి చూద్దాం. అక్కడ ఊడ్చేవాళ్లు లేక కాదు. కార్తీక సోమవారం, పౌర్ణమి నాడు జనమంతా తెల్లవారకముందే ఒక్కసారిగా వస్తారు. మామూలు రోజుల డ్యూటీ చార్టుతో ఆ రద్దీని నెట్టుకురావడం కష్టం. బుట్టలు నిండిపోయాక మిగిలినదంతా మెట్ల మీదే. అరటి దొప్పలో వదలవలసిన దీపాన్ని థర్మోకోల్ పళ్లెంలో వదిలేవారూ ఉన్నారు. దొప్ప కుళ్లి మట్టిలో కలుస్తుంది. థర్మోకోల్ పూసలు పూసలుగా విడిపోతుందే గానీ పోదు.

చట్టం లేదా అంటే, ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. నూరుమందికి పైబడి చేరే కార్యక్రమమైతే స్థానిక సంస్థకు మూడు పనిదినాల ముందు తెలియజేయాలని, చెత్త వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. కిందటేడు మనం నూట ఇరవైమందిమి. నేను ఎవరికీ తెలియజేయలేదు. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఫైలు నా బల్ల మీదికి వస్తే మెమో రాయించేవాణ్ణి.

దారి చూపినవాళ్లు ఉన్నారు. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. తిరుమలలో గాజు నీళ్ల సీసాలకూ డిపాజిట్ పద్ధతి పెట్టారు. బోర్డుల మీద ఎంత రాసినా వినని మనిషి, తన డబ్బు తిరిగి వస్తుందంటే సీసా జాగ్రత్తగా పట్టుకొస్తాడు.

అందుచేత ఈ ఏటికి నా మనవి మూడు ముక్కలు. ఒకటి, భోజనం అరిటాకుల్లో, విస్తళ్లలో. నీళ్లు పెద్ద క్యాన్లలో. గ్లాసు ఎవరిది వారు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. రెండు, తోట యజమానితో ముందే కాగితం రాసుకోవాలి: మూతలున్న డబ్బాలు ఆయన పెట్టాలి, మనం వెయ్యి రూపాయలు డిపాజిట్ కట్టాలి. సాయంత్రం ఇద్దరం కలిసి తోట, గట్టు తిరిగి చూసి, శుభ్రంగా ఉంటేనే అది వాపసు. మూడు, ఇన్‌వర్డు, ఔట్‌వర్డు రిజిస్టరు నేను రాస్తాను. బస్సులోంచి ఎన్ని దిగాయో, ఖాళీ అయినా సరే, అన్నీ తిరిగి ఎక్కాలి. లెక్క సరిపోయేదాకా బస్సు కదలదు.

ముసలాడి చాదస్తం అనుకున్నా ఫరవాలేదు. ఆ బ్యానరు కడిగి ఇంట్లో దాచాను. ఈసారి కూడా అదే కడదాం, సాయంత్రం విప్పి వెంట తెచ్చుకుందాం.