రంగు చెడకుండ వెలుగు తగ్గించుట



కిరసనాయిలు లాంతరు వెలుగు తగ్గింపవలెనన్న వత్తిని కొంచెము దింపిన చాలును. వత్తి యొకటి, జ్వాల యొకటి. నేటి రంగుల ఎల్.ఇ.డి. దీపమునకు అట్టి సులువు లేదు. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న దీపములు ఒకే గూటిలో ప్రక్కప్రక్కన ఇమిడి యుండును. వాని పాళ్లను బట్టియే కంటికి రంగు కనబడును.

కంటికి కనబడు ఎరుపు ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేసెను. ప్రకాశవంతమైన నీలి దీపమునకు మాత్రము 1990ల వరకు వేచియుండవలసి వచ్చెను. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

మూడు రంగులును సమకూడిన పిమ్మట వానిని అదుపు చేయుట సమస్య యయ్యెను. ఒక్కొక్క రంగు బలమును 0 మొదలు 255 వరకు గల అంకెలతో కొలుచు పద్ధతి కలదు. ఎరుపు 255, ఆకుపచ్చ 102, నీలము 0 ఉన్నచో నారింజ ఛాయ వచ్చును. వెలుగు మిక్కుటమైనదని ఎరుపునుండి 100, ఆకుపచ్చనుండి 100 తీసివేసినచో 155, 2 మిగులును. అనగా నారింజ పోయి ఎరుపు నిలుచును. నారింజ జాగ్రత్తకును, ఎరుపు ప్రమాదమునకును గురుతుగా నున్న యంత్రమున ఇది చిన్న పొరపాటు కాదు, దీపము అబద్ధమాడినట్లే. కావున తీసివేత పనికిరాదు. రంగులన్నింటిని ఒకే నిష్పత్తిలో తగ్గింపవలెను.

ఈ లెక్క ఎవరు చేయవలెను? ఏ దీపమును ఏ చిప్పు నడుపునో, దానికి ఏ విధముగా ఆజ్ఞ నీయవలెనో సామాన్యమైన ప్రోగ్రాముకు తెలియదు. ఆ మర్మము తెలిసినది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవరు. ప్రోగ్రాము కోరిక చెప్పును. డ్రైవరు దానిని యంత్రపు భాషలోనికి మార్చి నెరవేర్చును.

1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌లో చాలకాలము ఈ మూడు రంగులును మూడు వేర్వేరు దీపములుగానే లెక్కింపబడెను. ఒకదాని వెంట నొకటి మార్చునపుడు నడుమ కోరని రంగు తళుక్కుమనుటకు అవకాశ ముండెను. 2020 అక్టోబరులో వెలువడిన 5.9వ కూర్పులో బహువర్ణ దీపముల కొక ప్రత్యేక పద్ధతి చేర్చబడెను.

ఈ పద్ధతిలో దీపమునకు ముఖ్యముగా మూడు ఫైళ్లుండును. ‘మల్టీ ఇండెక్స్’ రంగుల వరుసను తెలుపును. ‘మల్టీ ఇంటెన్సిటీ’లో ఆ వరుసలోనే పాళ్లన్నింటిని ఒక్కమారుగా వ్రాయుదురు. ‘బ్రైట్‌నెస్’లో మొత్తము వెలుగును వ్రాయుదురు. డ్రైవరు ప్రతి రంగు పాలును వెలుగుతో గుణించి, గరిష్ఠమైన వెలుగుతో భాగించును. గరిష్ఠము 255 అయి, వెలుగును 100కు దింపినచో, ఎరుపు 100, ఆకుపచ్చ 40 అగును. వెలుగు తగ్గెను, నారింజ నారింజగానే యున్నది. అయితే వరుసను ముందుగా చదువుట మరువరాదు. ఒక యంత్రమున ఎరుపు మొదట నుండవచ్చును, వేరొకదాన నీలము మొదట నుండవచ్చును. మిక్కిలి మసక వెలుగులో మాత్రము భిన్నములు పూర్ణసంఖ్యలుగా మారవలసి యుండుటచే ఛాయ కొంత తప్పవచ్చును.

చెక్ దేశపు సి.జెడ్.నిక్ సంస్థవారి ‘టూరిస్ ఆమ్నియా’ అను రూటరు ఇందుకు చక్కని ఉదాహరణము. ఇంటికి ఇంటర్నెట్టును పంచు ఆ పెట్టె ముఖమున 12 రంగుల దీపములు కలవు. దాని లినక్స్ డ్రైవరు ఒక దీపపు మూడు రంగుల విలువలను ఒకే సందేశముగా లోపలి చిప్పునకు పంపును. వెలుగు ఎక్కువైన యెడల అన్నింటిని ఒక్కసారిగా తగ్గించుటకు ముందువైపున మీటయు నున్నది. రాత్రి నిద్రకు అడ్డమని దీపముపై కాగితము అంటించువారికి వెలుగుతోపాటు వార్తయు పోవును. వెలుగు తగ్గించువారికి నిద్రయు దక్కును, వార్తయు నిలుచును.

లినక్స్ మూలప్రతి ఎవరైనను చదువుకొనుటకు తెరచి యున్నది. డ్రైవరు ఈ గుణకార భాగహారములను ఎట్లు చేయుచున్నదో అందు చూడవచ్చును. చిన్న తరగతుల లెక్క తెలిసిన బాలునికి సైతము ఆ పంక్తి బోధపడును.

గ్రంథాలయములో మెల్లగా మాటాడువారు గొంతు తగ్గింతురే కాని మాట మార్చరు. మంచి డ్రైవరు దీపమునకు నేర్పు మర్యాదయు అదియే.