వానలెక్క వ్రాసిన పంతులు



సాహిత్యమును శాస్త్రమును ఒకే పందిరిక్రింద చేర్చిన ఇట్టి సభలో ఎవరిని స్మరింపవలెనని విచారించినపుడు, ఇటువంటి సమాజమునే గృహముగాను ప్రయోగశాలగాను చేసికొని అర్ధశతాబ్దము జీవించిన జాన్ డాల్టన్ నా మనస్సున మెదలెను. మాంచెస్టరు సాహిత్య తాత్త్విక సమాజమున 1794లో సభ్యుడై, 1817 మొదలు మరణపర్యంతము దానికి అధ్యక్షుడై, నూటికి మించిన పత్రములను ఆ సభలోనే చదివిన ఆ మహనీయునిగూర్చి నేను మనవి చేయదలచినది ఒక్కటే: ఆయన పరమాణుసిద్ధాంతము విశ్వవిద్యాలయ పీఠమునుండి పుట్టలేదు, గాలిలో నీరు ఎట్లు నిలుచునని, వాన ఏల కురియునని ఏండ్లతరబడి విచారించిన ఒక బడిపంతులు దినచర్యనుండి పుట్టినది.

1766లో ఇంగ్లండు ఉత్తరభాగమున, కంబర్లండు సీమలోని ఈగిల్స్‌ఫీల్డ్ అను పల్లెలో ఒక నేతగాని యింట ఆయన జన్మించెను. ఆ కుటుంబము క్వేకరులది. మౌనప్రార్థన, ఆడంబరము లేని వేషము, ఒట్టు పెట్టుకొనకయే సత్యము పలుకుట, ఆయుధము పట్టకుండుట వారి ఆచారములు. రాజ్యము ఆమోదించిన చర్చికి లోబడనివారికి ఆ కాలమున ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశమే లేదు; కేంబ్రిడ్జిలో చదువుకొనవచ్చునేగాని పట్టము లభింపదు. ధనమును లేక, ద్వారములును మూయబడి, ఆ బాలుడు పండ్రెండవయేటనే ఊరిబడిలో పాఠములు చెప్పనారంభించెను.

అయినను, స్వయంశిక్షితుడన్నంతమాత్రమున గురువులు లేనివాడని మనము తలంపరాదు. బాల్యమున ఫ్లెచర్ అను ఉపాధ్యాయుడు అక్షరజ్ఞానముతోపాటు తనంతట తాను లెక్క విడదీసికొను ధైర్యమును ఇచ్చెను. ఎలీహు రాబిన్సన్ అను క్వేకరు పెద్దమనిషి గణితము బోధించి, వాతావరణ పరిశీలనమందు ఆసక్తి కలిగించెను. 1781లో అన్నతో కూడి బోధించుటకై కెండల్ పట్టణమునకు చేరినపుడు జాన్ గాఫ్ సాంగత్యము లభించెను. పసితనముననే మసూచికమువలన చూపు కోల్పోయిన ఆ పండితుడు డాల్టన్‌కు లాటిన్, గ్రీకు భాషలను, గణితమును నేర్పుటయేగాక, ప్రతిదినమును ఆకాశపు తీరు లిఖించియుంచుమని ప్రోత్సహించెను. ఈ ముగ్గురిలో ఎవ్వరును లోకప్రసిద్ధులు కారు. ఒక చిన్న సమాజము తన పిల్లవానిని చేతులు మార్చుకొనుచు పెంచినది. ఆయన స్వయంకృషి ఫలించుటకు అదియే నేల అని నా అభిప్రాయము.

1787 మార్చి 24వ తేదీన ఆరంభించిన ఆ దినచర్య 57 ఏండ్లు సాగెను. అందలి పరిశీలనములు రెండు లక్షలని లెక్కించినారు. భారమితి ఎంత నిలిచినది, ఉష్ణము ఎంత, ఎంత వాన పడినది — ఇదియే నిత్యవ్రతము. గాలిని ఇట్లు అనుదినము కొలుచువానికి ఒక ప్రశ్న తప్పదు. ఆమ్లజని నత్రజనికంటె బరువైనదే. అట్లయిన గాలియందు బరువైన వాయువు అడుగునకు దిగి, తేలికయైనది పైకి ఏల తేలదు? నీటియావిరి గాలిలో రసాయనికముగా కరగియుండునని నాటి పండితులనేకులు నమ్మిరి. డాల్టన్ అంగీకరింపలేదు. ఒక పాత్రలో ఎన్ని వాయువులున్నను ప్రతియొక్కటియు తక్కినవి లేనట్లే తన పీడనమును తాను కలుగజేయునని, ఆ పీడనములన్నిటి మొత్తమే మిశ్రమపీడనమని 1801లో ప్రతిపాదించెను. పిమ్మట, నీరు ఒక వాయువును అధికముగాను మరియొకదానిని స్వల్పముగాను ఏల పీల్చుకొనునను విచారణ పొడసూపెను. ఆయా వాయుకణముల బరువులో భేదమే కారణమేమోయని ఊహించెను. ఊహించిన పిదప ఆ బరువులు తెలియవలెను గదా! 1803 అక్టోబరు 21న ఆ మాంచెస్టరు సమాజమున చదివిన పత్రము నీరు వాయువులను పీల్చుకొనుటనుగూర్చినది. అచ్చయినపుడు దానికి తుదిని చేర్చిన పట్టికయే పరమాణుభారముల తొలి పట్టిక.

పరమాణువు ఉన్నదను తలంపు క్రొత్తది కాదు. మన కణాదుడును, గ్రీకు దేశపు డెమోక్రిటసును ఏనాడో ఆ మాట పలికినవారే. డాల్టన్ చేసినదేమనగా, తర్కమునకు మాత్రమే గోచరించిన ఆ వస్తువును త్రాసునకు సంబంధించినదిగా చేయుట. ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క జాతి పరమాణువనియు, వాని బరువులలో స్థిరమైన నిష్పత్తి కలదనియు, అవి పూర్ణసంఖ్యలలోనే కూడుననియు చెప్పి, చిత్తడినేలల వాయువునందు అంతే కర్బనమునకు ఇథిలీనునందుకంటె ఉదజని సరిగా రెండింతలుండుటను నిదర్శనముగా చూపెను. 1808లో వెలువడిన ఆయన రసాయనతత్త్వగ్రంథము నేటి పాఠశాలబాలుడు నేర్చు రసాయనశాస్త్రమునకు ఆధారశిల.

కాని ఆయన దోషములను దాచుట ఆయనకు గౌరవము కాదు. నీటిలో ఉదజని పరమాణువు ఒకటి, ఆమ్లజని పరమాణువు ఒకటి యని, సరళమైనదే సత్యమను నమ్మికతో, నిర్ణయించెను. అందుచే ఆమ్లజని భారమును తొలుత ఐదున్నరగా, పిదప ఏడుగా లెక్కవేసెను. ఫ్రాన్సు దేశీయుడు గే-లుస్సాక్ వాయువులు సరళమైన ఘనపరిమాణములలో కూడునని చూపినపుడు, తన సిద్ధాంతమునకే బలము చేకూర్చు ఆ ఫలితమును కొలతలు సరిగా లేవని త్రోసిపుచ్చెను. 1811లో అవొగాడ్రో అను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కు విడుటకు చూపిన మార్గమును లోకమే అర్ధశతాబ్దము గుర్తింపలేదు. డాల్టన్‌ను మాత్రమే నిందింపజాలము. అయినను, పరుల మాటకంటె తన చేతి కొలతనే నమ్ము స్వభావము ఆయనకు వాయువుల రహస్యము చూపినది, ఆ స్వభావమే గే-లుస్సాక్ ఎదుట ఆయన కన్నులు మూసినది. తనంతట నేర్చినవారియందు ఈ రెండును తరచుగా కలిసియే యుండును.

తన కొలతనే నమ్ము ఆ నిజాయితీని ఆయన తన దేహమునందును పాటించెను. పగటివేళ నీలముగా తోచు జెరేనియము పువ్వు కొవ్వొత్తి వెలుగున ఎఱుపుగా మారుట గమనించి, రంగులు సరిగా గుర్తింపలేని తన కంటి లోపమును 1794లో సభాముఖమున నిస్సంకోచముగా వర్ణించెను. తన కంటిలోని ద్రవము నీలవర్ణముగా ఉండుటయే కారణమని తలచి, మరణానంతరము పరీక్షింపుమని కోరెను. 1844లో పరీక్షించిన వైద్యునికి ద్రవము నిర్మలముగానే కనబడినది. భద్రపరచిన ఆ కంటినుండి 1995లో తీసిన జన్యుపదార్థము అసలు కారణమును తెలిపినది.

కీర్తి వచ్చిన పిదపను ఆయన జీవనాధారము ట్యూషనులే. 1834 ప్రాంతమున ఒక బీరు కర్మాగారపు యజమాని కుమారులిద్దరు ఆయనయొద్ద గణితము నేర్చుటకు వచ్చిరి. 1837లో పక్షవాతము సోకువరకు వారికి చదువు చెప్పెను. వారిలో ఒకడు జేమ్స్ జౌల్. యాంత్రికశక్తికి ఎంత ఉష్ణము సమానమో నీటిలో తెడ్లు త్రిప్పి కొలిచినవాడు ఆ జౌలే. అతడును ఏ విశ్వవిద్యాలయమునను చదువలేదు. గురువు ఇరువది యేడేండ్లు అధిష్ఠించిన ఆ సమాజాధ్యక్షస్థానమును 1860లో ఆ శిష్యుడు అలంకరించెను.