విమానాల మరమ్మతు ఇంజనీరు చదువు: మన పిల్లలకు దారి ఉందా?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు, ఉద్యోగాల మీద ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. గత రెండు మూడేళ్ళుగా ఇంటరు ఫలితాలు వచ్చిన వారం రోజుల్లో మా ఇంటికి వచ్చే తల్లిదండ్రుల చేతిలో ఒకే రకం రంగుల కాగితం కనబడుతున్నది. దాని మీద ఒక విమానం బొమ్మ, పక్కన తెల్లచొక్కా వేసుకున్న కుర్రవాడు, కింద నూరు శాతం ఉద్యోగం అన్న మాట. "మాస్టారూ, ఇది మంచిదేనా? మావాణ్ణి పంపమంటారా?" అని అడుగుతారు. నేను ఉర్దూ మాధ్యమం బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి గాని విమానాల మనిషిని కాను. అయితే అడిగినవారికి ఊరికే తల ఊపి పంపడం ఇష్టం లేక కొంత చదివాను, ఆ పనిలో ఉన్నవారిని కొందరిని అడిగాను. తెలిసినంతవరకు మీ ముందు పెడుతున్నాను.

విమానం అనగానే మనకు పైలటు గుర్తుకు వస్తాడు. 1903లో రైటు సోదరులు ఎగిరారని పుస్తకాల్లో చదువుకున్నాం. వారి సైకిలు షాపులో పనిచేసే చార్లెస్ టేలర్ అనే మెకానిక్కు ఆరు వారాల్లో ఆ విమానానికి ఇంజను తయారుచేసి ఇచ్చాడని మాత్రం మన పుస్తకాల్లో లేదు. అది పన్నెండు అశ్వశక్తుల ఇంజను, అంటే ఈనాడు మన పొలాల్లో తిరిగే చిన్న ట్రాక్టరు పాటి కూడా లేదు. ఆయన పుట్టిన మే 24వ తేదీని ఇప్పుడు విమాన మరమ్మతు పనివారి దినంగా జరుపుకుంటున్నారు. విమానాల మరమ్మతు ఇంజనీర్లంతా ఆ సైకిలు షాపు మనిషి వారసులే.

మరి ఈ ఇంజనీరు చేసే పని ఏమిటి? విమానం దిగిన ప్రతిసారీ చూడవలసినవి కొన్ని ఉంటాయి. టైర్లు, బ్రేకులు, ఇంజను ఆయిలు, రెక్కల మీద దెబ్బలు, పైలటు పుస్తకంలో రాసిన ఫిర్యాదులు. కొన్ని వందల గంటలు ఎగిరిన తరువాత చేసే తనిఖీ ఒకటి. ఏడాదిన్నర, రెండేళ్ళకొకసారి విమానాన్ని హ్యాంగరులో పెట్టి రోజుల తరబడి విప్పి చూసే పెద్ద తనిఖీ మరొకటి. పని ముగిశాక ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవరు లెక్క చూసుకోవాలి. ఒక్కటి తక్కువైతే అది దొరికేదాకా విమానాన్ని వదలరు. ఇదంతా అయ్యాక లైసెన్సు ఉన్న ఇంజనీరు కాగితం మీద సంతకం పెడతాడు. ఈ విమానం ఎగరడానికి యోగ్యంగా ఉంది అని దాని అర్థం. ఆ సంతకం లేకుండా ఎంత పెద్ద పైలటయినా విమానం కదపడానికి వీల్లేదు.

ఈ సంతకం దగ్గరే మన సంగతి ఉంది. మన కామవరపుకోటలో, జంగారెడ్డిగూడెంలో, ఏలూరు రోడ్డు పొడవునా లారీ షెడ్లలో, బోరు మోటార్లు చుట్టే కొట్లలో పనిచేసేది ఎవరు? చాలావరకు మన పిల్లలే. ఇంజను చప్పుడు విని ఏ వాల్వు పోయిందో చెప్పగల ఉస్తాదులు మనలో ఉన్నారు. చేతిలో పని ఉన్నది, కాగితం లేదు. పదో తరగతి మధ్యలో మానేసి షెడ్డులో చేరినవాడు ఎంత పనిమంతుడైనా ఆ సంతకం పెట్టే స్థానానికి రాలేడు. ఆ స్థానానికి కావలసింది ఇంటరులో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లేదా దానికి సమానమైన డిప్లొమా. అందుకే షెడ్డులో పెట్టేముందు రెండేళ్ళు ఆగండి అని నేను తల్లిదండ్రులను బతిమాలుతుంటాను.

సంతకానికి అంత విలువ ఎందుకో రెండు సంఘటనలు చెబుతాను. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం పదిహేడు వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి పైలటు ముందున్న అద్దం ఊడి పోయింది. గాలి ఆయనను నడుము దాకా బయటికి లాగేసింది. తోటి సిబ్బంది కాళ్ళు పట్టుకుని కిందికి దిగేదాకా వదలలేదు. ఆయన బతికాడు, అల్లా దయ. విచారణలో తేలిందేమంటే, అంతకుముందు ఆ అద్దం మార్చినప్పుడు వాడిన 90 బోల్టుల్లో 84 ఉండవలసిన దానికంటే లావు తక్కువ, మిగిలిన ఆరు పొడవు తక్కువ. మార్చినాయన అనుభవం లేనివాడు కాదు. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో చూసి జత కలిపాడు, పుస్తకంలో నంబరు చూడలేదు. మన షెడ్లలో రోజూ చేసేది ఇదే కదా! లారీకి అది సరిపోతుంది. రోడ్డు పక్కన ఆపుకుంటాం.

రెండోది లెక్కల మాస్టరుగా నాకు ఇష్టమైనది. ఇష్టమంటే భయమూ ఉన్నది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి కొత్త బోయింగ్ 767కి ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉన్నది. లీటర్లను కిలోలుగా మార్చాలంటే సుమారు 0.8తో గుణించాలి. వాళ్ళు పాత అలవాటు చొప్పున 1.77తో గుణించారు. అది పౌన్ల లెక్క. ఆ దేశం అప్పుడే పౌన్లనుంచి కిలోలకు మారుతున్నది. ఇరవై వేల లీటర్లు పొయ్యవలసిన చోట 4,917 లీటర్లు పోసి పంపారు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలటు దానిని గాలిపటంలా తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్ళో వాడుకలో లేని పాత సైనిక రన్‌వే మీద దింపాడు. 69 మందీ బతికారు. మన తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాడు వేసిన రన్‌వే ఉన్నది చూశారా, దాదాపు అటువంటిదే. దాని పక్కగా పోయినప్పుడల్లా నాకీ లెక్క గుర్తుకొస్తుంది. యూనిట్లు రాయకుండా జవాబు రాసిన పిల్లవాడికి సగం మార్కులు కోసేస్తే మా బడి తల్లిదండ్రులు నా మీదికి వస్తారు. వారికి ఈ కథే చెబుతున్నాను.

ఇక చదువు సంగతి. మన దేశంలో ఈ లైసెన్సు ఇచ్చేది కేంద్రప్రభుత్వపు పౌర విమానయాన డైరెక్టరేటు, డీజీసీఏ అంటారు. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి: కాలేజీ ఇచ్చేది లైసెన్సు కాదు. కాలేజీ పాఠం చెబుతుంది, పరీక్షలు డీజీసీఏవి, లైసెన్సు డీజీసీఏది. లైసెన్సులో వర్గాలున్నాయి. బీ-1 అంటే ఇంజను, విమాన శరీరం, చక్రాలు, హైడ్రాలిక్కు వగైరా. బీ-2 అంటే విద్యుత్తు, రేడియో, రాడారు, కంప్యూటరు పరికరాలు. బీ-1లో మళ్ళీ పెద్ద విమానాలకు వేరు, హెలికాప్టర్లకు వేరు. పరీక్షలు ఒక్కసారిగా ఉండవు, అంశాలవారీగా ఉంటాయి: లెక్కలు, భౌతికశాస్త్రం, విద్యుత్తు, లోహాలు, గాలి నడక, చట్టం. మనిషి ఎందుకు పొరబడతాడు అన్నదాని మీద కూడా ఒక పరీక్ష ఉన్నది! నిద్రలేమి, తొందర, పైవాడి ఒత్తిడి, ఇవన్నీ అందులో పాఠాలే. నాకు తెలిసి మన బళ్ళలో ఎక్కడా పెట్టని సబ్జెక్టు ఇది, పెడితే బాగుండును.

పాఠాలు, ప్రాక్టికల్సు కలిపి రెండేళ్ళ పైచిలుకు. ఆ తరువాత నిజమైన విమానాల మీద అనుభవం. అంతా అయ్యాక లైసెన్సు. అది వచ్చాక కూడా ఫలానా రకం విమానం మీద సంతకం పెట్టాలంటే ఆ రకానికి వేరే శిక్షణ కావాలి. ఎయిర్‌బస్ 320 తెలిసినవాడు బోయింగ్ 777 మీద సంతకం పెట్టలేడు. రంగుల కాగితాల వాళ్ళు ఈ చివరి రెండు మెట్లూ చెప్పరు. రెండున్నరేళ్ళలో ఉద్యోగం అన్నట్టు మాట్లాడతారు. ఒక్కో పరీక్ష మళ్ళీ మళ్ళీ రాస్తూ ఐదారేళ్ళు పట్టినవారున్నారు, లైసెన్సు రాక టెక్నీషియనుగానే ఆగినవారూ ఉన్నారు. టెక్నీషియను ఉద్యోగం తక్కువదని నేననను, నిజాయితీ అయిన పని. కాని లక్షలు పోసి చదివిన తరువాత ఆ జీతం చూసి ఇంట్లో గొడవలవుతాయి.

మన పక్క మండలంలో ఒక కుటుంబం అర ఎకరం తాకట్టు పెట్టి కుర్రవాణ్ణి ఒక సంస్థలో చేర్పించింది. ఏడాది గడిచాక తెలిసింది, ఆ సంస్థకు డీజీసీఏ అనుమతి లేదని. ఊరూ పేరూ ఇక్కడ వద్దు. ఆ పిల్లవాడిప్పుడు విజయవాడలో ఏసీలు బిగిస్తున్నాడు. అనుమతి ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. చేరేముందు ఆ జాబితాలో పేరు ఉందా, ఏ వర్గానికి అనుమతి ఉంది, నేర్చుకోవడానికి నిజమైన విమానమూ ఇంజనూ ఉన్నాయా, ఈ మూడూ అడగండి. పోయి కళ్ళతో చూడండి. పెళ్ళి సంబంధానికి పోయినంత శ్రద్ధగా పోయి చూడండి.

ఉర్దూ మాధ్యమం పిల్లలకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉన్నది. మావాడు పదో తరగతి దాకా 'దబావ్' అని నేర్చుకుంటాడు. బయటి పుస్తకంలో అదే 'పీడనం'. ఇంటరుకు పోతే 'ప్రెషర్'. మూడు మాటలూ ఒకటేనని తెలిసేసరికి మొదటి సంవత్సరం సగం పోతుంది. ఈ పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే, విమానంతో వచ్చే మరమ్మతు పుస్తకాలూ ఇంగ్లీషువే. అందులో 'చేయవచ్చు' అన్నచోట 'చేయాలి' అని చదువుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అలాగని మాతృభాషలో చదవడం తప్పని నేను ఒప్పుకోను. 'ఎనిమిదో తరగతి నుంచే మూడు భాషల మాటలూ ఒకే పేజీలో పక్కపక్కన రాయించండి' అని మా తోటి మాస్టర్లకు చెబుతుంటాను. మా తరగతిలో గోడకు అంటించిన పట్టీలో ఇప్పుడు రెండు వందల పైన మాటలున్నాయి.

ఇక భవిష్యత్తు. తెలుగువారికి ఈ పని కొత్తదేమీ కాదు. నిజాం కాలంలోనే, 1945లో, దక్కన్ ఎయిర్‌వేస్ అని హైదరాబాదుకు సొంత విమాన సంస్థ ఉండేది, బేగంపేట దాని స్థానం. 1953లో దానిని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారాయి. ఇప్పుడు శంషాబాదులో జీఎంఆర్ వారి హ్యాంగర్లున్నాయి, ఎయిరిండియా ఇంజనీరింగు సర్వీసెస్ వారి హ్యాంగరున్నది. 2025 నవంబరు 26న ఫ్రాన్సుకు చెందిన సాఫ్రాన్ వారి ఇంజను మరమ్మతు కేంద్రం కూడా అక్కడ ప్రారంభమయింది. సుమారు 1,300 కోట్ల పెట్టుబడి. 2035 నాటికి ఏటా 300 ఇంజన్లు బాగుచేయాలని, వెయ్యిమందికి పైగా టెక్నీషియన్లను, ఇంజనీర్లను తీసుకోవాలని వారి లెక్క. లోగడ ఇటువంటి ఇంజన్లను విప్పాలంటే విదేశాలకు పంపవలసి వచ్చేది.

విమానాల సంఖ్యా పెరుగుతున్నది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే సంవత్సరం జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చాయి. ఇవి ఒక్కరోజులో రావు, ఏళ్ళ తరబడి వస్తాయి. వచ్చిన ప్రతి విమానానికీ రాత్రింబవళ్ళు చూసేవారు కావాలి. ఇది మంచి మాటే.

చెడ్డ మాట కూడా చెప్పాలి గదా. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2020 మార్చిలో కరోనా వచ్చి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలే లేవు. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది, ఇంజన్లు సకాలంలో అందకపోవడం దానికొక కారణమని ఆ సంస్థే చెప్పింది. విమాన సంస్థ మూతపడితే ఇంజనీరు లైసెన్సు పోదు, నిజమే. కాని ఆ లైసెన్సుతో సంతకాలు పెడుతూ ఉండాలంటే గడచిన రెండేళ్ళలో కనీసం ఆరు నెలలు పనిలో ఉండాలని నియమం. ఖాళీగా కూర్చుంటే చేతిలో కాగితం కూడా చల్లబడుతుంది. అందుచేత నా అభిప్రాయం ఏమంటే, ఈ పనిలో బాగుపడే అవకాశం నిజమైనది, ఒడిదుడుకులూ నిజమైనవే. మొదటి అయిదేళ్ళు ఇంటికి డబ్బు పంపలేని కుర్రవాణ్ణి భరించగల కుటుంబమే దీనికి పూనుకోవాలి. రేపటినుంచే సంపాదన కావలసిన ఇంటి పెద్దకొడుకును దీనిలో దింపకండి. వాడికి పాలిటెక్నిక్కు మంచిది.

గల్ఫు ఆశ మనందరికీ ఉన్నది. దుబాయిలో, దోహాలో పెద్ద హ్యాంగర్లున్నాయి, మన దేశంవారు అక్కడ పనిచేస్తున్నారు. అయితే మన లైసెన్సు అక్కడ చూపించగానే చెల్లదు, ఆ దేశపు అధికారుల పరీక్షలు, నియమాలు వేరు. డ్రైవరు వీసా తెచ్చినట్టు ఏజెంటు తెచ్చిపెట్టేది కాదిది. ఎవరైనా ఏజెంటు తెస్తానంటే అక్కడే ఆగండి.

ఆడపిల్లల గురించి ఒక తల్లి మొన్న చీటీ పంపారు. ఈ చదువుకు ఆడ మగ భేదం లేదు, లైసెన్సు తెచ్చుకుని పనిచేస్తున్న స్త్రీలున్నారు. రాత్రి షిఫ్టులుంటాయి, దాచి చెప్పను. మా బడిలో ఇప్పుడు భౌతికశాస్త్రంలో మొదటి ముగ్గురూ ఆడపిల్లలే. బీ-2 వర్గం చూడండి, పరికరాలు, వైర్లు, కంప్యూటర్ల పని.

చివరగా డబ్బు. ఫీజులు లక్షల్లో ఉన్నాయి, వడ్డీ అప్పుకు మనలో చాలామంది వెనుకాడతారు. మన సంఘం ఇప్పుడు ప్రతి ఏటా నలభై యాభై మందికి తలా కొంచెం పుస్తకాల డబ్బు పంచుతున్నది. అది ఆపమనను. దానికి తోడు ఏడాదికి ఒక్కరిని, ఇంటరు లెక్కల్లో, భౌతికశాస్త్రంలో నిజంగా గట్టిగా ఉన్న ఒక్కరిని, వడ్డీ లేని అప్పు మీద చదివించమని పాలకవర్గాన్ని కోరుతున్నాను. ఉద్యోగంలో చేరాక వాయిదాలుగా తిరిగి కడితే ఆ డబ్బే తరువాతి పిల్లవాడికి పోతుంది. ఎవరిని ఎంపిక చేయాలో మాత్రం పాలకవర్గంలో పిల్లలున్నవారు కాకుండా బయటి ఇద్దరు మాస్టర్లతో పరీక్ష పెట్టించాలి. ఈ షరతు నచ్చనివారుంటారు, నాకు తెలుసు.

ఇంటరు చదువుతున్న పిల్లలున్నవారు వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరువాత మా బడికి రండి. డీజీసీఏ జాబితా తీసి చూపిస్తాను. కుర్రవాణ్ణీ, మార్కుల కాగితాన్నీ వెంట తీసుకుని రండి. రంగుల కాగితం ఉంటే అదీ తీసుకుని రండి.