జామకు అడవి దాయాదుల వేరు



నీరు పెట్టినా చెట్టు వాడుతుంది. ఎరువు వేసినా ఆకు పసుపు తిరిగి, అంచులు ఎండి రాలుతుంది. చాలామంది యిది ఎండు తెగులేనని మందు పోస్తారు. మందు పోసే ముందు వొక్కసారి చెట్టు పక్కన తవ్వి పిల్లవేళ్ళు చూడండి. పూసలు గుచ్చినట్లు బుడిపెలు వుంటే అది నులిపురుగుల పని. ఆడపురుగు వేరులో వొకచోట చేరి, అక్కడి కణాలను ఉబ్బించి, వాటి రసం తాగుతూ కదలకుండా గ్రుడ్లు పెడుతుంది. దెబ్బతిన్న వేరులో ఎండు తెగులు బూజు కూడా చొరబడుతుంది. రెండూ కలిసి కనపడేది అందుకే.

వీటిలో మెలాయిడోగైనీ ఎంటెరోలోబీ అనే రకం జామకు మరీ చేటు. బ్రెజిల్ జామతోటల్లో దీన్ని 2001లో గుర్తించారు. మన దేశంలో 2016లో తమిళనాడు జామ మీద నమోదైంది. నోరు తిరగని పేరు లెండి, బుడిపె గుర్తుంటే చాలు. తోటలో దిగాక దీన్ని పూర్తిగా పోగొట్టడం చాలా కష్టం.

అయితే దీనికి లొంగని చెట్లు లేవా? వున్నాయి. జామ పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. అక్కడ జామకు అడవి దాయాదులు అనేకం. బ్రెజిల్ వారు వాటిని అరసా అంటారు. కాయలు చిన్నవి, సంతకు పనికిరావు. కాని కొన్నిటి వేళ్ళలో యీ పురుగు పప్పులుడకవు. స్ట్రాబెరీ జామనే తీసుకోండి. పిల్లపురుగు వేరులో దూరుతుంది. కాని అది తిండికోసం ఉబ్బించిన కణాలు చెడిపోతాయి. పురుగు ఎదగక చస్తుంది.

మరి ఆ వేరుమీద మన జామ అంటు కడితే పోలేదా అంటారు. కట్టి చూశారు, పొత్తు సరిగా కుదరలేదు. అందుకని బ్రెజిల్ పరిశోధన సంస్థ ఎంబ్రాపా వారు జామను మరో అరసాతో సంకరపరచి, బి.ఆర్.ఎస్. గ్వారసా అనే వేరుమొక్క రకాన్ని తయారుచేశారు. దానిమీద తోటజామ అంటు నిలుస్తుంది. గింజ వేస్తే గుణం చీలిపోతుంది కనుక దీన్ని కొమ్మతోనే పెంచాలి. అలాంటి వేరుమొక్క మా దగ్గర వుందని యెవరైనా అమ్మవస్తే, ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని అడగకుండా డబ్బు చేతిలో పెట్టవద్దు.

యీ పురుగు తనంతట తాను దూరం పోలేదు; మొక్కతో, మట్టితో వస్తుంది. కొనేటప్పుడు వొక సంచి విప్పించి, వేళ్ళు కడిగి చూడండి. నర్సరీ ఆయన గొణిగితే గొణగనివ్వండి. బుడిపె కనపడితే ఆ మొక్కలేవీ వద్దు. జామలో అంతరపంటగా వంగ, టమాటా వేయకండి. బుడిపెలను తట్టుకుంటాయని అమ్మే టమాటా రకాలను కూడా యీ పురుగు లెక్కచేయదు.

విస్తరణ ఉద్యోగులకు వొక మాట. రైతు మొక్కలు తెచ్చాక కాదు, కొనబోయే రోజునే వెంట వెళ్ళండి. అనుమానం వున్న తోటలో పిల్లవేళ్ళు, వాటి చుట్టూ వున్న తడిమట్టి కలిపి పాలిథిన్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా కృషి విజ్ఞాన కేంద్రానికి చేర్చండి. మట్టి ఎండిపోతే పురుగులు చచ్చి, పరీక్షకు చిక్కవు.